బకెట్ నేలను తాకకముందు



జార్జియాలోని కమ్మింగ్‌లోనూ, చుట్టుపక్కల ఫోర్సైత్ కౌంటీలోనూ సొంత ఇంటిని తామే దగ్గరుండి కట్టించుకోవాలని ఆశపడుతున్న మన తెలుగువాళ్ల కోసం ఈ పూట మాట్లాడుతున్నాను. బిల్డర్ కట్టిన ఇల్లు కొనుక్కుని తాళాలు తీసుకునేవాళ్లు చాలామంది. యజమానీ మీరే, పెద్ద మేస్త్రీ మీరే అయి నిలబడి కట్టించుకోవాలనుకునేవాళ్లు కొద్దిమంది. ఆ కొద్దిమందితోనే నా మాట. ఇల్లు కట్టడం గురించి అంతా ఒక్క ప్రసంగంలో చెప్పుకోలేం గనక ఒక్క ఘట్టం దగ్గర ఆగుదాం. లాట్ కొన్నారు. ప్లాను గీయించారు. భూమిపూజకు పంతులుగారు ముహూర్తం పెట్టారు. ఇక పునాది తవ్వాలి. తవ్వడానికి ముందు ఆ స్థలాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలి?

ఒక మాట ముందే చెబుతాను. మధ్యలో మళ్లీ చెబుతాను. రేడియోలో విన్నదాన్ని వెనక్కి తిప్పి చదువుకోలేం కదా. ట్రాక్‌హో వస్తుంది, అదే మన ఊళ్లో పొక్లెయిన్ అంటామే, అది. దాని బకెట్ నేలను తాకాక మీరు నిలబడి ఆలోచించే ప్రతి గంటకూ బాడుగ పడుతుంది. అందుకే ఆలోచన అంతా బకెట్ తాకకముందే అయిపోవాలి. ఆ ఆలోచనల్లో మొట్టమొదటిది నీళ్లు. వాన నీళ్లు మీ స్థలంలోకి ఎటునుంచి వస్తున్నాయి? ఎటు పోతున్నాయి? ఈ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి.

నీళ్ల దగ్గరికి వెళ్లేముందు కాగితాల సంగతి చెప్పేస్తాను. జార్జియాలో ఇళ్లు కట్టే కాంట్రాక్టర్‌కు రాష్ట్ర లైసెన్సు ఉండాలి. అయితే తానూ తన కుటుంబమూ ఉండటానికి కట్టుకునే ఇంటికి యజమానే కాంట్రాక్టర్‌గా నిలబడటానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆ ఇల్లు అమ్మకానికో అద్దెకో కట్టేది అయి ఉండకూడదు. లైసెన్సు ఉన్నవాళ్లు చేసే పనులు పోగా మిగిలినవన్నీ మీరు స్వయంగా పర్యవేక్షించాలి. ఇలా కట్టిన ఇంటిని అమ్మేస్తే, దానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన రోజు నుంచి 24 నెలలు గడిచేదాకా ఇదే పద్ధతిలో ఇంకో ఇల్లు కట్టడానికి వీల్లేదు. ఇక్కడ పర్యవేక్షణ అన్న మాట చాలా బరువైనది. మట్టి పనివాళ్లు పక్కవాళ్ల హద్దు దాటి తవ్వినా, మీ బురద వీధిలోకి పారినా, కౌంటీ ఇన్‌స్పెక్టర్ అడిగేది మిమ్మల్నే.

బ్యాంకు సంగతి కూడా ఒకటుంది. కన్‌స్ట్రక్షన్ లోన్ తీసుకుంటున్నారా? అయితే లోన్ క్లోజింగ్ పూర్తయ్యేదాకా స్థలంలో ఒక్క చెట్టు కూడా కొట్టించకండి. ముందే పని మొదలైతే, ఆ పని చేసినవాళ్ల బాకీ హక్కు బ్యాంకు హక్కు కంటే ముందుకు రావచ్చు. బ్యాంకులు దీన్ని బొత్తిగా ఒప్పుకోవు. ముహూర్తం దాటిపోతోందన్న తొందరలో ఒక డోజర్‌ను పిలిచి కాస్త చదును చేయించి, ఆ తర్వాత లోన్ కోసం అవస్థ పడే ప్రమాదం ఉంది. భూమిపూజకు ఒక మూల చిన్న గుంట చాలు. దాని గురించి కూడా ముందే లోన్ ఇచ్చేవాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి.

ఇప్పుడు నీళ్లు.

అట్లాంటా ప్రాంతంలో ఏడాదికి సుమారు 50 అంగుళాల వాన పడుతుంది. మన దగ్గరిలా నైరుతి వచ్చి నాలుగు నెలలు కురిసి పోయే వాన కాదిది. ఏడాది పొడుగునా పడుతుంది. చలికాలంలో పడిన వాన మరీ ఇబ్బంది. ఎండ వాలుగా ఉంటుంది, నేల ఆరదు. అక్టోబరు సాధారణంగా అన్నిటికంటే పొడిగా ఉండే నెల. మీ చేతిలో ఉంటే తవ్వకాన్ని సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు ప్రాంతాలకు పెట్టుకోండి. జనవరి, ఫిబ్రవరిలో మొదలుపెడితే రోజుల తరబడి బురద ఆరడం కోసం కాచుకుని కూర్చోవాల్సి రావచ్చు.

లాట్ చూడటానికి అందరూ ఎండ కాసే శనివారం వెళతారు. మీరు ఒకసారి వానలో వెళ్లండి. గొడుగు పట్టుకుని, బూట్లు వేసుకుని, జోరుగా కురుస్తున్నప్పుడే వెళ్లండి. పైనున్న లాట్ నుంచి నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో, ఎక్కడ చిన్న కాలువ కట్టి పారుతున్నాయో చూడండి. ఆ చోట్ల మేకులు పాతి గుడ్డ ముక్కలు కట్టండి. ఎండలో ఆ కాలువ మీకు కనిపించదు. ఆకులు కప్పేసి ఉంటాయి. మీ ప్లానులో సరిగ్గా ఆ దారి మీదే బేస్‌మెంట్ మూల పడుతోందనుకోండి, ఆ సంగతి ఇప్పుడే తెలియడం ఎంత మేలో ఆలోచించండి. ఇల్లు పది అడుగులు పక్కకు జరపవచ్చు. లేదా పైనుంచి వచ్చే నీటిని ఇంటి చోటును చుట్టి పోయేలా, తవ్వకానికి ముందే లోతు తక్కువగా ఒక కాలువ తీయించవచ్చు. అలా తిప్పిన నీరంతా ఒక్కచోట చేరి పక్కింటివాళ్ల పెరట్లో పడకుండా చూసుకోవాలి. పడితే గొడవ కోర్టుదాకా వెళుతుంది.

ఇంటి నేలమట్టం ఎంత ఎత్తులో ఉండాలన్నది కూడా ఈ నీటి లెక్కే. ఇక్కడి ఇళ్ల కోడ్ ప్రకారం పునాది గోడ దగ్గర్నుంచి బయటికి మొదటి పది అడుగుల్లో ఆరంగుళాల వాలు ఉండాలి. నీళ్లు గోడ వైపు రాకూడదు, గోడ నుంచి దూరంగా పోవాలి. తవ్వేవాడికి ఈ మట్టం ముందే తెలియాలి. ఎంత లోతు తవ్వాలన్నది దాన్నిబట్టే తేలుతుంది. కాబట్టి మళ్లీ చెబుతున్నాను. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి. బకెట్ నేలను తాకకముందే చూసుకోండి.

ఇక్కడ వాస్తు గురించి కూడా చెప్పాలి. మనలో చాలామంది ఈశాన్యం పల్లంగా, నైరుతి మెరకగా ఉండాలని చూసుకుంటారు. ఆ పట్టింపు ఉన్నవాళ్లు దాన్ని లాట్ కొనే రోజునే చూసుకోవాలి. కమ్మింగ్ చుట్టూ ఉన్నది కొండవాలు నేల. సానీ కొండ పరిసరాల్లో, కోల్ మౌంటెన్ వైపు, లేనియర్ సరస్సు ఒడ్డున ఇరవై అడుగులు దిగిపోయే లాట్లు కూడా ఉంటాయి. నైరుతి పల్లంగా ఉన్న లాట్ కొని, తర్వాత లారీల కొద్దీ మట్టి పోయించి మెరక చేస్తామనడం నాకు మంచి ఆలోచనగా తోచదు. పోసిన మట్టిని కొద్దికొద్దిగా పరిచి, పొర పొరకూ రోలర్‌తో దిమ్మిస కొట్టకపోతే అది ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. దాని మీద నిలబడ్డ గోడ బీటలు వారుతుంది. కొండ ఎటు వాలిందో ఇంటిని అటు ఒదిగించుకోవాలి.

ఇక మట్టి. ఇక్కడి ఎర్రమట్టిని చూశారుగా. గుంటూరు నల్లరేగడిలా వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే గుణం దీనికి తక్కువ. ఆ మేరకు మనం అదృష్టవంతులం. పైన బంకమట్టి ఉంటుంది. కిందికి దిగేకొద్దీ మెత్తటి పొడిమట్టి, ఎండలో తళుక్కుమనే అభ్రకం రేకులతో. ఇంకా దిగితే మన మొరం లాంటి కుళ్లిన రాయి. దాని కింద గట్టి బండ. ఎన్నో యుగాలుగా ఆ బండే కుళ్లి కుళ్లి ఈ మట్టి అయింది. చిక్కేమిటంటే, ఆ బండ ఒక చోట ఇరవై అడుగుల కింద ఉంటుంది, పక్కనే నాలుగడుగుల కింద ఉంటుంది. పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

అందుకే పరీక్ష గోతులు తీయించండి. నా మాటల్లో ఏది మరిచిపోయినా దీన్ని మరిచిపోకండి. మట్టి పని ఒప్పందం మీద సంతకం పెట్టకముందే, పర్మిట్ వాళ్లనూ, లోన్ ఉంటే బ్యాంకునూ అడిగి, ఒక చిన్న ఎక్స్‌కవేటర్‌ను ఒక పూట బాడుగకు పిలిచి, ఇంటి నాలుగు మూలల దగ్గరా బేస్‌మెంట్ లోతుకి గోతులు తీయించండి. గోతులు సరిగ్గా పునాది గీత మీద వద్దు, కాస్త బయటికి తీయించండి. పూడ్చిన గొయ్యి మీద ఫుటింగ్, అంటే పునాది అడుగు దిమ్మ, పడితే అక్కడ నేల వదులుగా ఉంటుంది. గోతిలో ఏం కనబడుతుందో చూడండి. బండ తగిలిందా? అడుగున నీరు ఊరుతోందా? నల్లటి మట్టి, చెట్టు బెరడు, ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ కనబడుతున్నాయా? అలా కనబడితే, ఇదివరకు ఎవరో అక్కడ చెట్ల మొద్దులూ చెత్తా పూడ్చిపెట్టారన్నమాట. మొద్దులు కుళ్లాక పైనేల కుంగి గొయ్యి పడుతుంది. అట్లాంటా చుట్టుపక్కల పాత సబ్‌డివిజన్లలో ఈ బాధ కొత్తది కాదు. మీరు మాత్రం మీ మొద్దుల్ని మీ స్థలంలో పూడ్చనివ్వకండి. బయటికి తోలించండి. తగలబెడదామా అంటే, మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా ఫోర్సైత్‌తో సహా ఉత్తర జార్జియాలోని చాలా కౌంటీల్లో బయట మంట పెట్టడం నిషేధం.

పరీక్ష గోతిలో తెలిసిన సంగతిని ఒప్పందంలో రాయించండి. రాయి తగిలితే ధర ఎంత, గంటకా, ఘనగజానికా, ఏది రాయి అని ఎవరు నిర్ణయిస్తారు? రాయించుకోకపోతే గోతి మధ్యలో యంత్రం ఆగి, వాళ్లు చెప్పిందే ధర అవుతుంది.

ఈ నేల గురించి ఇంకో సంగతి ఉంది. ఇది మనసులో పెట్టుకుని వినండి. ఈ కౌంటీ 1832లో ఏర్పడింది, అప్పటిదాకా చెరకీ జాతి ప్రజలదైన నేల మీద. 1838లో వాళ్లను ఇక్కడి నుంచి బలవంతంగా తరిమేశారు. సానీ కొండ మీద పాత బంగారు గని సొరంగాలు ఇప్పటికీ ఉన్నాయి. 1912లో ఈ కౌంటీలోని నల్లజాతి ప్రజలను, వెయ్యి మందికి పైగా, తెల్లవారి గుంపులు బెదిరించి ఇళ్లూ పొలాలూ చర్చిలూ వదిలిపోయేలా వెళ్లగొట్టాయి. 1987లో హక్కుల ఊరేగింపు జరిగిన నాటికి కూడా ఇక్కడ నల్లజాతి కుటుంబాలు దాదాపు లేవు. ఇవాళ మనం ఇన్ని వేలమందిమి ధైర్యంగా ఇళ్లు కట్టుకుంటున్న నేల ఇది. కాబట్టి లాట్ పాత దస్తావేజులు, పాత సర్వే పటాలు ఒకసారి తీసి చదవండి. ఇది గౌరవం కోసమే కాదు, పనికోసం కూడా. పాత బావి, పాత గని గొయ్యి, ఎవరివో కుటుంబ సమాధులు ఉండవచ్చు. అడవిలో వరసగా నిలబెట్టిన చిన్న రాళ్లు, మనిషి పొడవున కుంగిన నేల కనబడితే పని ఆపండి. సమాధుల్ని కదిలించడానికి జార్జియా చట్టం ప్రకారం ప్రత్యేకంగా అనుమతి కావాలి. మన పెద్దల సమాధులైతే ఎలా చూసుకుంటామో వాటినీ అలాగే చూడాలి.

సరే, గీతల దగ్గరికి వద్దాం. సర్వేయర్ వచ్చి హద్దు మూలల్లో ఇనుప పిన్నులు చూపిస్తారు, హద్దు నుంచి వదలాల్సిన సెట్‌బ్యాక్ గీతలు గుర్తుపెడతారు, ఇంటి మూలలకు మేకులు కొడతారు. ఈ పనికి డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. అయితే ఆ మూల మేకులు తవ్వకంలో మొదటి గంటలోనే ఎగిరిపోతాయి. అందుకని ప్రతి గీతనూ పది పన్నెండు అడుగులు బయటికి పొడిగించి, అక్కడ గట్టి గుంజలు పాతించి, అడ్డ చెక్కల మీద గుర్తులు పెట్టించండి. తవ్వాక పురికొస లాగితే మూల మళ్లీ దొరుకుతుంది. మీరే స్వయంగా టేపు పట్టుకుని ఎదురెదురు మూలల మధ్య రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానంగా వస్తే మూలలు సరిగ్గా ఉన్నట్టు. తవ్వే గీత గోడ గీత కంటే రెండు మూడు అడుగులు బయటికి ఉండాలి, మనిషి నిలబడి గోడకు నీరు దిగకుండా పూత పూయడానికీ, అడుగున నీరు పోయే గొట్టం వేయడానికీ. ఆ గీతను మన ఊరి పద్ధతిలో ముగ్గుపిండితో పోసినా, ఇక్కడి స్ప్రే రంగుతో వేసినా ఫరవాలేదు.

ఇప్పుడు ఒక ఫోన్ నంబర్. ఎనిమిది, ఒకటి, ఒకటి. మళ్లీ చెబుతున్నాను: ఎనిమిది, ఒకటి, ఒకటి. 811. నేల కింద గ్యాసు, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ తీగలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టించే ఉచిత సేవ. జార్జియాలో యంత్రంతో తవ్వేవాళ్లు ముందుగా ఫోన్ చేసి తీరాలి, చట్టం అది. కనీసం రెండు పూర్తి పనిదినాలు ముందు చేయాలి. శని ఆదివారాలూ సెలవులూ లెక్కలోకి రావు. సోమవారం యంత్రం రావాలంటే అంతకుముందు వారం మొదట్లోనే ఫోన్ అయిపోవాలి. తవ్వబోయే కాంట్రాక్టర్ తన పేరున టికెట్ తీసుకున్నాడా అని అడిగి, ఆ నంబర్ మీరు రాసుకోండి. వాళ్లు వచ్చి రంగులు వేస్తారు. ఎరుపు కరెంటు. పసుపు గ్యాసు. నీలం తాగునీరు. ఆకుపచ్చ మురుగు. నారింజ ఫోను, ఇంటర్నెట్. రంగు గీతకు రెండు పక్కలా రెండేసి అడుగుల మేర యంత్రాన్ని నమ్ముకోకండి, చేత్తో జాగ్రత్తగా తవ్వించాలి. మీటరు దాటాక ఇంటివైపు వేసుకున్న సొంత గొట్టాలను వాళ్లు గుర్తించరని కూడా తెలుసుకోండి. పరీక్ష గోతులకూ 811 కావాలి. కంచె గుంజ పాతడానికీ కావాలి.

తర్వాత బురద. కౌంటీలో చాలామంది కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు లేనియర్ సరస్సువి. మీ లాట్‌లో తడిసిన ఎర్రమట్టి వాగుల్లో పడి చివరికి చేరేది ఆ సరస్సుకో, బిగ్ క్రీక్ మీదుగా చట్టాహూచీకో, కౌంటీ వాయవ్యపు అంచునైతే ఎటోవా నదికో. 1975 నుంచి జార్జియాలో నేలకోతను అరికట్టే చట్టం ఉంది. చెట్లు కొట్టకముందే, మట్టి కదల్చకముందే, వాలు కింది అంచున సిల్ట్ ఫెన్స్, అంటే బురదను ఆపే గుడ్డ కంచె, నిలబడి ఉండాలి. ఆ గుడ్డ అడుగు అంచును ఆరంగుళాలు నేలలోకి దించి పూడ్చాలి. ఊరికే మేకులకు తగిలిస్తే నీళ్లు దాని కిందనుంచి జారిపోతాయి. లారీలు వీధిలోకి ఎక్కే చోట, కింద జియో గుడ్డ పరిచి, ఆరంగుళాల మందాన పెద్ద కంకర పోయించాలి. టైర్ల బురద అక్కడ రాలిపోతుంది. వాగు ఉంటే దాని ఒడ్డు నుంచి కనీసం 25 అడుగులు ముట్టుకోకూడదు, ట్రౌట్ చేపల వాగైతే 50. కౌంటీ ఇంకా ఎక్కువ అడగవచ్చు, అడిగి తెలుసుకోండి. ఎకరం, అంతకుమించి నేల కదిలిస్తుంటే రాష్ట్రం అనుమతి వేరే ఉంటుంది.

మురుగుకు కౌంటీ లైను లేని లాట్లలో సెప్టిక్ వేస్తారు. ఆ నీరు ఇంకే చోటునూ, రేపు అది పాడైతే వాడుకోవడానికి వదిలిన చోటునూ తాడు కట్టి మూసేయండి. అటు లారీ వెళ్లకూడదు, మట్టి కుప్ప పడకూడదు. ఒక్కసారి బరువు యంత్రం తొక్కితే ఆ నేల నీటిని పీల్చడం మానేస్తుంది. ఉంచుకోవాలనుకున్న ఓక్ చెట్టు కొమ్మలు ఎంతదాకా పరిచాయో అంతదాకా కంచె కట్టండి. వేళ్లు నలిగిన చెట్టు వెంటనే చావదు. రెండేళ్లు పోయాక, మీరు ఇంట్లోకి చేరాక ఎండుతుంది.

అన్నిటికంటే పైనున్న సారమైన మట్టి పొరను వేరుగా తీయించి ఒక పక్క కుప్ప పోయించండి. దాన్ని బంకమట్టితో కలవనివ్వకండి. రేపు మీ గోంగూర, బెండ, సొర తీగ బతికేది ఆ మట్టిలోనే. తవ్విన మట్టి గోతిలో ఉన్నప్పటికంటే పాతిక శాతం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది. ఆ కుప్పకు చోటు ముందే చూసి ఉంచండి.

ఇక తవ్వే రోజు. ఒక ఘనగజం మట్టి ఇంచుమించు చిన్న కారంత బరువు. అంత బరువు మనిషి మీద పడితే పక్కవాళ్లు పారలతో తీసేలోపు ఊపిరి ఆగుతుంది. ఐదడుగులు, అంతకంటే లోతైన కందకంలో ఎవరు దిగాలన్నా గోడలు వాలుగా కోయించాలి, లేదా అడ్డాలు పెట్టించాలి. అమెరికా కార్మిక భద్రతా నియమం ఇదే. తీసిన మట్టి అంచు నుంచి రెండడుగుల దూరంగా పడాలి. నిచ్చెన దగ్గరలో ఉండాలి. పనికి వచ్చే కాంట్రాక్టర్ ఇన్సూరెన్స్ కాగితం ముందురోజే మీ చేతిలో ఉండాలి. భూమిపూజ ఫొటోల కోసం వచ్చిన పిల్లల్ని ఆ పూటే ఇంటికి పంపేయండి. తవ్వే రోజు వాళ్లు అక్కడ ఉండకూడదు. సాయంత్రం యంత్రం ఆగాక గోతి చుట్టూ కంచె కట్టించి, మీరు ఒకసారి చుట్టూ నడిచి చూసి వెళ్లండి.

మర్నాడు పెద్ద వాన ఉందని సూచన చెబితే తవ్వకం వాయిదా వేయండి. తవ్విన ఫుటింగ్ కందకంలో నీళ్లు నిలిస్తే అడుగు మట్టి మెత్తబడిపోతుంది. ఆ మెత్తటి పొరను మళ్లీ తీసేదాకా ఇన్‌స్పెక్టర్ కాంక్రీటు పోయనివ్వరు. కాబట్టి తవ్వకం, కౌంటీ తనిఖీ, కాంక్రీటు లారీ, ఈ మూడూ వెంటవెంటనే జరిగేలా ముందే ఫోన్లు చేసి రోజులు కుదుర్చుకోండి.